అత్తయ్య ద్రాక్షారిష్టం

సోమవారం రాత్రి, ఆగస్టు 1968

నాకు కుళ్ళట! నాన్న కూడా అదే అన్నాడు.

కొత్తవలస రైలు లైను పనిలో ఎవరో విదేశీ ఇంజనీరు ఇచ్చిన సీసా తన పెట్టెలో దొరికిపోతే, బలానికి తాగే ద్రాక్షారిష్టమని తల్లితో బొంకాడు బావ. అప్పట్నుంచి అత్తయ్య రోజూ గరిటెడు పుచ్చుకుంటోంది. ఇవాళ సీసా వెనక అంటించిన ఇంగ్లీషు చీటీ చదివాను. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతం, రెండు రకాల నల్లద్రాక్ష కలిపి పులియబెట్టిన ఘాటైన వైను.

"అత్తయ్యా, అది ద్రాక్షారిష్టం కాదు" అన్నానో లేదో, "నా కొడుకు తెచ్చింది సూస్తే నీకేటే అంత కుళ్ళు? బియ్యే సదివితే వైద్యురాలివైపోతావేటి?" అని నా మీదకి లేచింది. బావ పక్కనే నిలబడి నవ్వాడు.

కల్లు తాగాడని పాలేరుని గడప తొక్కనివ్వని మనిషి, ఇప్పుడు హాయిగా నిద్ర పడుతోందని మురిసిపోతోంది. జాలి వేస్తుందేమోనని చూసుకున్నాను. వేయలేదు.

సీసా పూర్తవనిస్తాను. శుక్రవారం భజనకి ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నాక, ఆ చీటీ తెలుగులో చదివి వినిపిస్తాను.