ఫిద్దా దానిమ్మకు పోయే పైపు మూయవద్దని

ఐన్ దఫ్లా నీటి విభాగం అధికారి వారి సముఖమునకు, తఫీలా కొండల్లోని ఐన్ దఫ్లా ఎగువపేట కాపురస్థుడు, సైన్యంలో గుమాస్తాగా చేసి రిటైరయిన దైఫల్లా బిన్ ఆయిద్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: స్నానాలగది వాడుకనీరు పెరటి దానిమ్మకు పోవు పైపునకు సీలు వేయుట నిలుపుదల చేయు గురించి.

1. మా పేటకు కొత్త మురుగు లైను వచ్చినందున తోట పైపులన్నీ ఈ ఫిబ్రవరి ఆఖరులోగా మూసివేయబడునని తమ నోటీసు అందినది. సంతోషం. అయితే సదరు పైపు నా భార్య ఫిద్దా వేయించినది. వారానికొకసారి, మంగళవారం మేడమీది ట్యాంకులోకి వచ్చే నీళ్ళతోనే ఇల్లూ, చెట్టూ రెండూ బతకాలని ఆమె పట్టుదల. పైపుకు రెండు దారుల వాల్వు పెట్టించింది. ఆలివ్ నూనె సబ్బు వాడిన నీళ్ళు దానిమ్మకు, బ్లీచింగ్ వాడిన నీళ్ళు మురుగు గుంటకు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆమె ఇటుది అటు తిప్పలేదు.

2. సబ్బులు, పొడులు అమ్ము కంపెనీల గురించి. సీసా మీద నిమ్మకాయ బొమ్మ ఉంటుంది, లోపల ఏమున్నదో ఉండదు. బొమ్మను నమ్మి ఆ నీళ్ళు నిమ్మచెట్టుకు పోసినవారు మా పేటలో ఇద్దరున్నారు. ఫిద్దా మాత్రం కొట్లో నిలబడి ప్రతి సీసా వెనక వైపు చదివేది. ఉప్పు, బోరాక్స్, క్లోరిన్, వీటిలో ఏది కనిపించినా మళ్ళీ అరలో పెట్టేసేది.

"ఏంటి పిన్నీ, తాగుతావా ఏం, అంతలా చదువుతున్నావ్?" అనేవాడు కొట్టు ఇబ్రీక్.

"నేను తాగనురా, నా దానిమ్మ తాగుద్ది" అనేది.

3. గత జూన్‌లో, చెట్టు పూత మీదుండగా, నా భార్య కాలం చేసినది. ఇంటిలోనే స్నానం చేయించిరి. శవాన్ని కడుగుటకు వచ్చిన హాజ్జా రస్మియా తలుపు సందులోంచి, "నాయనా, ఈ నీళ్ళు మురుగులో కలవకూడదు, మట్టిలోకి పోనీ" అన్నది. నేను వాల్వు తోట వైపు తిప్పితిని. ఆమెను కడిగిన రేగాకు నీళ్ళు, కర్పూరం నీళ్ళు దానిమ్మ మొదట్లోకి పోయినవి. మూడవ నాడు పరామర్శలు ముగిసిన పిమ్మట నా అక్క నౌఫా, వాల్వు ఎటు ఉన్నదో చూసుకొనక, రెండు సీసాల బ్లీచింగ్ పోసి ఆ గది కడిగినది. వారం తిరక్కుండా ఆకులన్నీ అంచుల నుంచి మాడినవి. పూత రాలినది. నా భార్య రెండోసారి పోయింది. ఇది ఆఫీసు భాష కాదని ఎరుగుదును, దీనికి ఆఫీసు భాషలో మాట నాకు దొరకలేదు.

4. తమ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, "హాజీ, ఇది కట్టెపుల్ల" అన్నాడు.

"ఈ కొండల చలికి ఫిబ్రవరిలో ఏ దానిమ్మకి ఆకులుంటాయి నాయనా?" అన్నాను.

"నా కాగితంలో రెండే గళ్ళున్నాయి. పచ్చది, ఎండింది. మూడోది లేదు."

'ఎండినది' అని టిక్కు పెట్టుకుని పోయాడు. గోడ వైపు కొమ్మను నేను గోటితో గీరి చూశాను. లోపల పచ్చగా ఉంది. ఆ గీత ఇంకా ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చును.

5. జూన్ నుంచి నేను సబ్బు ముట్టలేదు. రేగాకు పొడితోనే స్నానం.

"బతికున్నోడివి, శవానికి రాసేది ఒంటికి రాసుకుంటావేంట్రా?" అని అక్క తిడుతుంది.

"దానిమ్మకి పడుద్దక్కా" అంటాను. నీళ్ళు పోయే మంగళవారం చెట్టు దగ్గర కర్పూరం వాసన వేస్తుంది. ఇంట్లో కర్పూరం లేదు. పెట్టెలన్నీ వెతికాను. వాసన రాలేదంటుంది అక్క. నాకు భయం వేస్తుంది. వాసన రాని మంగళవారం ఇంకా భయం వేస్తుంది.

కావున సదరు పైపును మార్చి నెలాఖరు వరకు, అనగా దానిమ్మ చిగురించు కాలం వరకు, మూయకుండునట్లును, తోటకు పనికిరాని సరుకు సీసాలపై ఆ ముక్క పెద్ద అక్షరాలతో వేయించునట్లును, ఇన్‌స్పెక్టరు కాగితంలో 'ఎండినది' కొట్టి 'విచారణలో ఉన్నది' అని వ్రాయించునట్లును ఉత్తర్వులిప్పించ వేడుకొనుచున్నాను. ఒంటిమనిషి మొర తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దైఫల్లా బిన్ ఆయిద్

తా.క. మూడవ అంశంలో నా అక్క పేరు కొట్టివేయవలెను. ఆమె చూసుకోకపోవడమేమీ లేదు. గది కడిగే ముందు లోపలి నుంచి, "తమ్ముడూ, వాల్వు ఎటుందిరా?" అని కేకేసి అడిగింది. "గుంట వైపే ఉందక్కా" అన్నాను. ఎటు ఉందో నాకు తెలుసు. ఫిద్దా చివరి నీళ్ళు ఇంకా పైపులో ఎక్కడో ఉన్నాయేమో, తిప్పితే అవి గుంటలోకి పోతాయేమో అనిపించింది. లేవలేకపోయాను. ఆ రోజు నుంచీ వాల్వు మీద చెయ్యి వెయ్యలేదు.

పొరపాటున తనే మళ్ళీ తిప్పేసి ఉంటుందని అక్క అనుకుంటోంది. ప్రతి మంగళవారం వచ్చి చెట్టుకి క్షమాపణ చెప్పుకుంటుంది. నేను పక్కనే నిలబడి వింటాను.

ఈ అర్జీ పట్టుకొచ్చింది ఆమే. ఆమెకు చదువు రాదు. తమరు దయచేసి ఈ తా.క. ఒక్కటి ఆమెకు చదివి వినిపించండి. బయట బల్ల మీద కూర్చుని ఉంటుంది.