తేజ బండికి కొత్త ఫిల్టర్

తేజా,

బండి తాళం టీవీ పక్కన ఉంది. స్టార్ట్ చేసే ముందు పెట్రోల్ నాబ్ తిప్పు, నేను కట్టేసి ఉంచాను. పైపు దగ్గర చుక్క కారుతోందేమో ఒకసారి చూడు. బాల్కనీలో పేపర్ మీదున్న నల్లటి డబ్బీ నీ పాత పెట్రోల్ ఫిల్టర్.

అవును, నేనే మార్చాను. "ఆదివారం మారుస్తానక్కా" అంటూ మూడు ఆదివారాలు పడుకున్నావు. నిన్న కొత్తగూడ ఫ్లైఓవర్ మీద బండి ఆగిపోతే ఆఫీసు చీరలో తోసింది నేను, హ్యాండిల్ పట్టుకుని ఫోజు కొట్టింది నువ్వు. పొద్దున్నే కూర్చుంటే అరగంటలో అయిపోయింది.

పార్కింగ్‌లో ఎదురు ఫ్లాట్ శారదమ్మగారు చూసి, "ఎవరు నేర్పించినారు పాపా?" అన్నారు. "మా తమ్ముడేనండి, బండి పని మొత్తం వచ్చు" అనేశాను. పోనీలే, నీ పరువు నిలబడాలి కదా అని. సాయంత్రం ఆరింటికి వాళ్ళ బండి నీ దగ్గరికి వస్తోంది. దానికీ ఫిల్టరే మార్చాలట.

దోసెల పిండి ఫ్రిజ్‌లో ఉంది, పెనం కడిగిపెట్టు. నా ఆఫీసు బస్సు వచ్చేసింది.

అక్క

బండి తెచ్చేది వాళ్ళమ్మాయి శిరీష. అదే, లిఫ్టులో కనిపిస్తే నీకు మాట పడిపోతుందే, ఆ అమ్మాయే. ఐదింటిలోపు ఫోన్ చెయ్, నేర్పిస్తాను.