బుధవారం నోవా

1984 మే 9, బుధవారం

హాస్పిటల్‌లో నర్సుగా నైట్ డ్యూటీ. పగలు నాలుగు గంటలే నిద్ర. లేచి ఆయనకు స్నానం చేయించి, కుడి చేతికి ఎక్సర్‌సైజ్ చేయించి, అన్నం పెట్టాను. ఫిబ్రవరిలో స్ట్రోక్ వచ్చినప్పటినుంచి కుడివైపు స్వాధీనంలో లేదు. మాటా ఒక్కొక్కటే వస్తుంది. కిటికీ దగ్గర కూర్చుని, పార్కింగ్ లాట్‌లో కవర్ కింద ఉన్న నోవా కారును చూస్తున్నారు. మూడేళ్లు ప్రతి బుధవారం ఆ కారుతో రేస్ ట్రాక్‌కి వెళ్లిన మనిషి. ఇవాళ రేసులో నన్ను నడపమన్నారు. నవ్వాను. ఆయన నవ్వలేదు.

మే 13, ఆదివారం

చర్చిలో దేవకుమారక్కకు చెప్పాను, ఈ బుధవారం ప్రార్థనకు రానని, ఎందుకు రానో కూడా. ఆయనకు బాగోలేనప్పుడు ఇదేం సరదా అంది. సరదా అని ఎవరన్నారు?

మే 16, బుధవారం

ఓడిపోయాను.

మన కారు పావు మైలు ఎన్ని సెకన్లలో వెళ్తుందో ముందే అద్దం మీద తెల్ల షూ పాలిష్‌తో రాయాలి. పోటీపడే రెండు కార్లలో నిదానంగా వెళ్లేదాన్ని ముందు వదులుతారు. రాసినదానికంటే వేగంగా వెళ్లినా ఓటమే. ఆయన 15.40 రాయించారు. పచ్చ లైట్ వెలిగింది. నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను.

"నిద్రపోయావా, జ్యోతీ?" అన్నారు, తిరిగొచ్చాక.

"అవునండీ. రాత్రంతా మేలుకునే ఉన్నాను కదా."

మే 23

వాన. ట్రాక్ లేదు. పది గంటలు పడుకున్నాను. దేవుడికి స్తోత్రం.

జూన్ 6, బుధవారం

మూడు రౌండ్లు గెలిచాను. నాలుగోదాంట్లో పోయింది. ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆ పదిహేను సెకన్లూ నన్ను ఎవరూ పిలవరు. ఏ బెల్లూ మోగదు. ఇంత అలసటలోనూ అది కావాలనిపిస్తోంది.

దారిలో ఆయన ఒక్కమాటే అన్నారు, తను ఎప్పుడూ రెండో రౌండ్ దాటలేదని. తరవాత కిటికీవైపు తిరిగిపోయారు.

జూన్ 9, శనివారం, ఉదయం 11

ఫోన్ నిద్ర లేపింది. పేపర్లో యాడ్ చూశాట్ట, నోవా ఇంకా ఉందా అని ఎవరో. పక్క అపార్ట్‌మెంట్ శ్రీధర్ చేత ఆయన వేయించారట. నాకు తెలీదు. అమ్మేశాం అని పెట్టేశాను. అబద్ధం.

నీకు కష్టమవుతోందని వేయించాను అన్నారు, నా మొహం చూడకుండా.

"కష్టంగానే ఉంది. అయినా అమ్మకండి."

"అది నా కారు."

"నడిపేది నేను."



జూన్ 13, బుధవారం

వెళ్తున్నానని మాత్రం చెప్పాను. రమ్మని అడగలేదు. కారు కవర్ తీసి వెనక్కి తిరిగేసరికి, రెయిలింగ్ పట్టుకుని మెట్లమీద ఉన్నారు. తనంతట తనే రెండు మెట్లు దిగారు. పడితే ఎవరు లేపాలని కసిరాను. తరవాత ఎక్కించుకున్నాను.

నంబర్ నేనే రాశాను, 15.20. ఎక్కువ వేగం రాశావన్నారు. మొదటి రౌండ్‌లో 15.22 వచ్చింది. రెండోదాంట్లో తొందరపడి లైట్ కంటే ముందే కదిలి ఓడిపోయాను. ఆయనకు నవ్వొచ్చింది. ఇప్పుడు సగం మూతే నవ్వుతుంది.

జూన్ 14, ఉదయం

మళ్లీ కారుకోసం ఫోన్. నేను లేవలేదు. ఆయనే ఎత్తారు. అమ్మడంలేదు, నా భార్య నడుపుతుంది అని ఇంగ్లీషులో ఒక్కో మాటే చెబుతున్నారు. అవతల మనిషి ఎప్పుడో పెట్టేసినట్టున్నాడు. ఈయన ఇంకా చెబుతూనే ఉన్నారు.