విప్పని వరస

సెక్టర్ 4, భిలాయి

వదినా,

ఫోన్లో చెప్తే మీ చెల్లి వింటుందని ఉత్తరం రాస్తున్నాను. తనకి కుడిచెయ్యి, మాట పడిపోయాక, నాకోసం అల్లుతున్న స్వెట్టర్ సగంలో ఆగిపోయింది. నన్ను అల్లమని సూదులు నా ఒళ్లో పెట్టింది. ఉల్టా అల్లిక ఎలాగో, సీధా అల్లిక ఎలాగో పక్క క్వార్టర్ పంజాబీ దీదీ నేర్పింది. ప్లాంట్‌లో బోల్టులు బిగించిన చేతులు కదా, ఊలునీ అలాగే బిగించేస్తాను. సాయంత్రమయ్యేసరికి మీ చెల్లి ఎడంచేత్తో నేనల్లిందంతా లాగి విప్పేసేది. నాకు ఒళ్లు మండేది. తిట్టుకుంటూనే మళ్లీ మొదలెట్టేవాణ్ణి.

నిన్న విప్పలేదు. ఇవాళ కావాలనే తప్పులతడకగా అల్లి చేతికిచ్చాను. బాగుందన్నట్టు తలూపి, అటు తిరిగి పడుకుంది.

నాకేటి చెయ్యాలో తెలవడం లేదు. మీ మాటంటే దానికి గురి. ఒక్కసారి వచ్చి, విప్పమని చెప్పండి.

మీ మరిది