మాలతి మనువాడినా ఇల్లు మాలతిదే

రాయపూర్, మోవాలో ఉంటున్న కీ.శే. చిన్నారావు భార్య దాలమ్మ అనే నేను, అరవై తొమ్మిదేళ్ల వయసులో, మోకాళ్లు తప్ప తక్కినవన్నీ సరిగ్గా పనిచేస్తున్న స్థితిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. దీన్ని అమలు చేసే బాధ్యత పక్కింటి నర్సు సుశీల గారిది.

1. నా పేరున ఉన్న రెండు గదుల ఇల్లు, వెనక వంటపాకతో సహా, నా తదనంతరం కోడలు మాలతికి సర్వహక్కులతో చెందాలి. ఇది నా స్వార్జితం. మా ఆయన పట్టాల మీద పనిచేస్తూ పోయాక రైల్వే క్వార్టరు ఖాళీ చేయమన్నారు. చంటివాడు యుగంధర్‌ని చంకనేసుకుని, టాటీబంధ్‌లో విశాఖ లారీ డ్రైవర్లకు చారన్నం, చేపల పులుసు వండిపెట్టి కట్టుకున్న ఇల్లు. మాలతి వచ్చాక గరిటె తనే అందుకుంది. నా కొడుకు కామెర్లతో పోయిన నెలలో కూడా పొయ్యి ఆరనివ్వలేదు. ఏడుస్తూనే వండింది, నా తల్లి.

2. వకీలు గారు చిత్తుప్రతిలో ‘మాలతి మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు’ అని రాసుకొచ్చారు. అందరూ అలాగే రాయిస్తారట. కొట్టేయించాను. మా వాళ్లలో మారుమనువుకు వెళ్లే ఆడది కట్టుబట్టలతో వెళ్లాలి, బిడ్డను మొదటి మొగుడి వాళ్లకు వదిలేయాలి. పార్సిల్ ఆఫీసు రామమూర్తి అప్పట్లో నన్ను చేసుకుంటానని అడిగాడు. మంచివాడు. నాకూ ఇష్టమే. యుగంధర్‌ని వదల్లేక కాదన్నాను. ఆ బాధ చాలాకాలం పోలేదు. ఆ ఆచారం నాతోనే ఆగిపోవాలి. మాలతి మనువాడినా ఇల్లు ఆమెదే, మనవరాలు ఫణిశ్రీ ఆమె దగ్గరే.

3. మరిది కొండలరావుకు, ఆయన మా ఇంట్లో వదిలేసిన గొడుగు. క్వార్టరు పోయిననాడు వచ్చి, ‘వదినా, గుంటడిని మాకొగ్గేసి బొబ్బిలి, మీ కన్నోరింటికెళ్లిపో’ అన్నాడు. నేను గరిటె ఎత్తేసరికి గొడుగు వదిలేసి పరిగెత్తాడు. ఇప్పుడు ఇల్లు పరాయివాడి పాలవుతుందని ఊరంతా చెప్పుకొస్తున్నాడు. ఇంటి మీద ఆయనకు ఏ హక్కూ లేదు. గొడుగుకు ఊచలు కొత్తవి వేయించాను. పెద్దవాడయ్యాడు, వానలో తడవకూడదు.

4. ఫణిశ్రీకి నా కమ్మలు. పెళ్లికని దాచొద్దు, స్కూలుకే పెట్టుకెళ్లాలి.

5. ఇది వకీలు గారు వద్దన్నా రాయించాను. మాలతీ, ఆరంగ్ నుంచి కూరగాయలు తెచ్చే నాగబాబు టీకి కూర్చోగానే నువ్వెందుకు వంటపాకలోకి తప్పుకుంటావో నాకు తెలీదనుకున్నావా? ఇల్లు పోతుందని, పిల్ల పోతుందని, ముసలిది ఒంటరిదవుతుందని కదూ నీ భయం! మొదటి రెంటికీ పైన జవాబు రాయించాను. మూడోదానికి జవాబు: నన్నూ మీతోనే ఉంచుకోండి. వంటపాక పక్కన మంచం చాలు.

6. సాక్షి సంతకానికి నాగబాబు పెన్ను తీసి సిద్ధంగా కూర్చున్నాడు. ఆస్తి పొందేవాళ్ల భర్త సాక్షిగా ఉండకపోతేనే మేలని వకీలు గారన్నారు. అందుకని అతన్ని సాక్షుల్లోంచి తప్పించి, టీ పెట్టించుకు రమ్మని మాలతి దగ్గరికి పంపాను. ఇది చదివి వినిపించడం కూడా అయిపోయింది. ఇద్దరూ ఇంకా బయటికి రాలేదు. మేమూ పిలవలేదు.

రాయపూర్, 9 మార్చి 2012

(సంతకం) దాలమ్మ

సాక్షులు:
మోషే, సుశీల గారి భర్త
నీలిమ, ఎదురింటి టీచరు