బాగుంది అనే మనిషి

మార్చి 4, మంగళవారం

కొత్త పేషంటు. బస్సు డ్రైవరు. స్ట్రోక్ వచ్చి మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. బాగుంది. పేరడిగితే బాగుంది. కుడిచెయ్యి ఎత్తమంటే, ఎత్తలేక, బాగుంది. మా స్పీచ్ థెరపీలో ఇది వింతేమీ కాదు. కొందరికి తిట్టు మిగులుతుంది, కొందరికి దేవుడి పేరు.

వెంట వాళ్ళక్క వచ్చింది. ఆవిడ భర్త పోయాడు, ఈయన పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరిదీ ఒకటే ఇల్లు. ఇన్నేళ్ళూ నా వంటకి వంకలు పెట్టి చంపాడమ్మా, ఇప్పుడు ఏం పెట్టినా బాగుందంటున్నాడు, అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మార్చి 9, ఆదివారం

ఎవరితోనూ మాట్లాడలేదు.

మార్చి 10, సోమవారం

మొదటి పేషంటును రండి అని పిలవబోతే గొంతు పెగల్లేదు. విడాకులయ్యాక ప్రతి సోమవారం ఇదే వరస. జలుబు చేసిందని చెప్పాను. ఊరందరికీ మాటలు నేర్పేదాన్ని!

మార్చి 18, మంగళవారం

డ్రైవరు గారి బాగుంది ఒకటి కాదు. కాఫీ ఇస్తే సాగదీస్తాడు. అక్క మీద విసుగొస్తే పుటుక్కున తెంపుతాడు. కిటికీ అవతల బస్సు హారన్ మోగితే మాత్రం గొంతు బాగా తగ్గిపోతుంది, దాదాపు వినపడదు.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని నేనూ అన్ని రకాలుగా అని చూశాను. పైకే. పక్కవాటా వాళ్ళు విన్నారేమో.

మార్చి 27, గురువారం



వచ్చేసరికే డ్రైవరు గారి పైపెదవి మీద చెమట. ముందుకు వంగి కూర్చున్నాడు. ఏమైందంటే బాగుంది. అది నేనెప్పుడూ వినని బాగుంది, పళ్ళ బిగువున వచ్చింది. బొమ్మల కార్డులు పరిస్తే కన్నెత్తి చూడలేదు. పొట్ట మీద చెయ్యి వేయబోతే నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు.

వీల్‌చైర్‌లో క్యాజువాల్టీకి తోసుకెళ్ళాను. డ్యూటీ డాక్టరు ఎలా ఉందన్నాడు. బాగుంది. నొప్పుందా? బాగుంది. గ్యాస్ అయ్యుంటుంది, ఇంటికి తీసుకెళ్ళండి అన్నాడు డాక్టరు. అప్పటికే ఇంకో పేషంటు వైపు తిరిగాడు.

అరిచాను. ఆయన బాగోలేదని చెప్పలేడండీ, ఆయన దగ్గర ఆ మాటే లేదు! క్యూలో వాళ్ళంతా నావైపు చూశారు. డాక్టరు వెనక్కి వచ్చి పొట్ట నొక్కాడు. నొక్కగానే డాక్టరు మొహం మారిపోయింది. స్కాన్. అపెండిక్స్ పగిలిపోయిందట. వెంటనే ఆపరేషన్ థియేటరుకి తీసుకెళ్ళారు.

వాళ్ళక్క బెంచీ మీద నా పక్కన కూర్చుని, పొద్దున టిఫిన్ కూడా బాగుందన్నాడమ్మా, అంది. అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

ఏప్రిల్ 10, గురువారం

ఆయన బతికి బయటపడ్డాడు. ఇవాళ నుంచి ఒకే పాఠం. లేదు.

ల దగ్గరే నాలుక మొరాయిస్తోంది. నా నోరు చూపించి, బల్ల మీద దరువేసి, పాటలా పాడించి, చివరికి ఇద్దరం అలిసిపోయాం. చూపించను, ఊరికే ఎదురుచూస్తాను అనుకుని చేతులు కట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి వచ్చింది. లేదు. ఒళ్ళంతా కదిలేలా ఏడ్చాడు. స్ట్రోక్ వచ్చిన రోజు నుంచీ దాచిందంతా అందులో ఉన్నట్టుంది.

ఏప్రిల్ 24, గురువారం

వాళ్ళక్క నా మీద విరుచుకుపడింది. పొద్దున లేస్తే లేదు, లేదు, లేదు! కూర లేదు, పక్క లేదు, నేను చెప్పింది లేదు! నా తమ్ముడు ఎంత నెమ్మదిగా ఉండేవాడు, ఏం చేశావమ్మా వాణ్ణి? ఇంక తీసుకురాను పో, అంది.

ఆయన గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

ఏప్రిల్ 29, మంగళవారం

రాలేదు. వాళ్ళ టైములో ఖాళీ గదిలో కూర్చున్నాను. ఇంకెవరినీ పిలవలేదు.

మే 2, శుక్రవారం

ఇంటికొచ్చే బస్సులో కనిపించారు. డ్రైవరు సీటు వెనకే మా డ్రైవరు గారు, పక్కన అక్క. ఇంట్లో ఉంటే రుసరుసలాడతాడు, బస్సెక్కిస్తే ఊరుకుంటాడమ్మా, అంది ఆవిడ. ఆరోజు అరిచానని ఏమీ అనుకోకు, పోట్లాడుకోడానికి నాకు మళ్ళీ మనిషి దొరికాడు, అని జరిగి చోటిచ్చింది.

ఆయన నా మొహంలోకి చూస్తూ పెదవులు కూడదీసుకున్నాడు. చివర్లో ది తీసేసి దా పెట్టాడు. నేను నేర్పలేదు.

బాగుందా?

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆయన తొందరపెట్టకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూశాడు.

నా స్టాపు వెళ్ళిపోయింది.