లక్ష్మీరాజం మైకు చదువు

బోధన్, ఏకాదశి మరునాడు.

చిరంజీవి ఆశన్నకు మీ బాపు దీవెనలు. నా రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి, సర్దుకొని చదువు. మీ చెల్లె ఇంట్లో నేను, నీ కొడుకు లక్ష్మీరాజం క్షేమం.

వాణ్ణి పాట కాలేజీకే పంపాలని పట్టుబట్టింది నేనే. ఇప్పుడు మనసు మారింది. నిన్న ఇక్కడి గుడిలో భజనకు మైకు పెట్టారు. పెద్దవాళ్లు ముందు కూర్చోవాలి కదా, తాళాలు కొట్టే బాపురావు మైకు పక్కనే కూర్చున్నాడు. ఆ చప్పుడులో నా పాట మునిగిపోయింది. లక్ష్మీరాజం వచ్చి బాపురావుతో "తాతా, జర ఎనుక కూసో" అన్నాడు.

"నువ్వు పుట్టకముందు సంది గీడనే కూసుంటున్న, నన్నే లేపుతవార?" అని బాపురావు కసిరాడు.

"నీ తాళం బజారు దాక ఇనబడ్తది తాతా. మైకు మా తాత గొంతుకే కావాలె."

ఆయన నవ్వి లేచాడు. ఆ తర్వాత పాటలో ప్రతి మాటా ఇంట్లో ఉన్న మీ చెల్లెకు తెలిసిందట.

అందుకని పాట కాలేజీ కాగితం పక్కన పెట్టు. హైదరాబాదులో రేడియో, మైకుల చదువుకు వాడు తెచ్చి నీ దగ్గర పెట్టిన దరఖాస్తు మీద సంతకం చేసి వెంటనే పంపు, ఈ నెలాఖరే గడువు. చేన్లో పసుపు పెట్టుడు అయిందా? మీ అవ్వ మోకాలు ఎట్లుంది? పాడేవాళ్లం ఊరినిండా ఉన్నాం, వినిపించేవాడు మనింట్లో పుట్టాడు. తొందరగా జవాబు రాయి.